గీటురాళ్ల వరుస: అల్జీమర్స్ వ్యాధికి రక్తపరీక్ష ఏర్పడిన చరిత్ర

బంగారం మేలిమిని తేల్చడానికి గీటురాయి ఉన్నట్లే, వైద్యంలో ప్రతి కొత్త పరీక్షకూ అంతకుముందే నమ్మకం సంపాదించుకున్న మరొక పరీక్ష గీటురాయిగా నిలుస్తుంది. కొత్తది చెప్పిన మాటను పాతది చెప్పిన మాటతో ఒరసి చూసిన తరువాతనే దానికి విలువ ఏర్పడుతుంది. జ్ఞాపకాన్ని, ఆలోచనను, చివరకు తన పని తాను చేసుకునే శక్తిని కూడా హరించే అల్జీమర్స్ వ్యాధి విషయంలో చాలా దశాబ్దాలపాటు అటువంటి గీటురాయి ఒక్కటే ఉండేది. రోగి మరణించిన తరువాత మెదడును పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద చూడడమే ఆ పరీక్ష. 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన రక్తపరీక్ష హఠాత్తుగా పుట్టినది కాదు. చనిపోయినవారి మెదడు చెప్పే సాక్ష్యాన్ని బతికున్నవారి శరీరంలో వెతకడానికి నూరేళ్లకు పైగా సాగిన ప్రయత్నంలో, ఒక గీటురాయి మీద మరొకటి ఒరసుకుంటూ వచ్చిన వరుసలో అది ఒకటి.

ఈ వరుసకు మొదలు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మానసిక చికిత్సాలయంలో కనిపిస్తుంది. 1901 నవంబరు 25న అక్కడ చేర్చిన 51 ఏళ్ల ఆగుస్టే అనే స్త్రీని పరీక్షించిన వైద్యుడు అలాయిస్ అల్జీమర్, ఆమె పేరు, భర్త పేరు, ఎదుట చూపిన వస్తువుల పేర్లు అడుగుతూ, ఆమె ఇచ్చిన జవాబులను ఉన్నవి ఉన్నట్లుగా చికిత్స దస్త్రంలో రాసిపెట్టాడు. ఆ తరువాత ఆయన ఎమిల్ క్రేపెలిన్ అనే ప్రసిద్ధ మానసిక వైద్యుని విభాగంలో చేరి మ్యూనిక్‌కు వెళ్లినా ఆమె సంగతి మరచిపోలేదు. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించగానే మెదడును, చికిత్స దస్త్రాన్ని మ్యూనిక్‌కు తెప్పించుకున్నాడు. మాక్స్ బీల్షోవ్‌స్కీ అప్పటికి కొద్ది ఏళ్ల కిందటే రూపొందించిన వెండి లవణాల రంగు పద్ధతిని వాడినందువల్ల, నాడీకణాల లోపల ముడిపడిన సన్నని దారాల వంటి చిక్కులు, కణాల వెలుపల పేరుకున్న మచ్చల వంటి ఫలకాలు ఆయనకు స్పష్టంగా కనిపించాయి. అదే ఏడాది నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన మానసిక వైద్యుల సమావేశంలో ఆయన ఈ సంగతి వివరించినప్పుడు సభలో ఎవరూ ఒక్క ప్రశ్న అయినా వేయలేదు. మరుసటి ఏడాది ప్రాగ్ నగరానికి చెందిన ఆస్కర్ ఫిషర్ అటువంటి ఫలకాలనే వయసు మళ్లిన పన్నెండుమంది రోగుల మెదళ్లలో చూసి ప్రచురించడంతో, ఈ గుర్తులు ఒక్క రోగికే పరిమితమైనవి కావని తేలింది.

మతి తప్పడానికి కారణాన్ని రక్తంలో వెతకవచ్చుననే ఆలోచన కూడా సరిగ్గా ఆ 1906వ సంవత్సరంలోనే ఫలించిందన్నది గమనించదగిన విషయం. ఆనాటి యూరప్ మానసిక చికిత్సాలయాలను నింపిన జబ్బులలో ముఖ్యమైనది సిఫిలిస్ మెదడుకు పాకడం వల్ల కలిగే మతిభ్రంశం. ఆ ఏడాదే ఆగస్ట్ వాసర్‌మన్, ఆయన సహచరులు సిఫిలిస్‌ను రక్తంలో ఏర్పడే మార్పుల ద్వారా గుర్తించే పరీక్షను ప్రకటించారు. ఆ మతిభ్రంశంలో మెదడు కణజాలం ఎలా మారుతుందన్న విషయం మీదనే అల్జీమర్ 1904లో తన ఉన్నత పరిశోధన గ్రంథం సమర్పించి ఉన్నాడు. అంటే ఒక మతిభ్రంశానికి రక్తపరీక్ష దొరికిన సంవత్సరంలోనే మరొక మతిభ్రంశానికి సూక్ష్మదర్శిని రుజువు దొరికింది. సిఫిలిస్ బయటి నుంచి వచ్చిన క్రిమి వల్ల కలిగేది కనుక దానిని ఎదుర్కొనడానికి శరీరం తయారుచేసుకున్న పదార్థాలు రక్తంలో విస్తారంగా దొరికాయి. ఆగుస్టే జబ్బు మెదడు తన పదార్థంతోనే తెచ్చుకున్నది, ఆ పదార్థమేమిటో తెలియడానికే మరో 78 ఏళ్లు పట్టింది.

ఈలోగా ఆ జబ్బు పేరే దాని చరిత్రను కొంత పక్కదారి పట్టించింది. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథం ఎనిమిదవ ముద్రణలో దీనికి అల్జీమర్ పేరు పెట్టి, నడివయసులో వచ్చే అరుదైన వ్యాధిగా వర్ణించాడు. దానితో డెబ్బై, ఎనభై ఏళ్లవారికి వచ్చే మతిమరుపు వేరే లెక్కలోకి పోయి, రక్తనాళాలు గట్టిపడడం వల్లనో, వయసు పైబడడం వల్లనో వచ్చే మామూలు క్షీణతగా చలామణీ అయింది. తెలుగు ఇళ్లలో చాదస్తం అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నట్లే, పాశ్చాత్య వైద్యశాస్త్రం కూడా సుమారు అర్ధశతాబ్దం పాటు దానిని ముసలితనం ఖాతాలో వేసింది. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో గ్యారీ బ్లెస్డ్, బెర్నార్డ్ టామ్లిన్సన్, మార్టిన్ రాత్ అనే ముగ్గురు పరిశోధకులు, బతికి ఉండగా మతిమరుపు తీవ్రతను కొలిచిన వృద్ధుల మెదళ్లను మరణానంతరం పరీక్షించి, ఫలకాల సంఖ్య పెరిగిన కొద్దీ మతిమరుపు తీవ్రత కూడా పెరిగినట్లు 1968లో చూపినప్పుడు ఈ లెక్క మారడం మొదలైంది. చివరిదాకా మతి చెదరని కొందరి మెదళ్లలో సైతం కొన్ని ఫలకాలు ఉన్నట్లు ఆ పరిశోధనలలోనే బయటపడింది. ఈ రెండవ అంశం తరువాతి కథలో మళ్లీ మళ్లీ తలెత్తుతుంది. 1976లో అమెరికా నాడీవైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్, నడివయసు జబ్బు, ముసలితనపు జబ్బు అన్న తేడాకు ఆధారం లేదనీ, రెండూ ఒక్కటేననీ, ఆ లెక్కన ఇది ప్రధాన మరణకారణాలలో చేరుతుందనీ వాదించడంతో, అరుదైనదనుకున్న వ్యాధి ప్రజారోగ్య సమస్యగా మారింది.

సమస్య పెద్దదైనా దానిని బతికున్న మనిషిలో రుజువు చేసే దారి మాత్రం లేదు. 1984లో అమెరికా నిపుణులు రూపొందించిన నిర్ధారణ ప్రమాణాలు ఈ నిస్సహాయతను ఒప్పుకున్నాయి. వాటి ప్రకారం రోగి జీవించి ఉండగా వైద్యుడు ‘అల్జీమర్స్ కావచ్చు’ అనో, ‘బహుశా అల్జీమర్స్’ అనో మాత్రమే రాయగలడు, ‘నిశ్చయంగా అల్జీమర్స్’ అని రాయాలంటే మెదడు కణజాలం సూక్ష్మదర్శిని కిందికి రావాలి. అదే సంవత్సరం శాన్‌డియేగోలో జార్జ్ గ్లెనర్, కెయిన్ వాంగ్ అనే పరిశోధకులు, రోగుల మెదడు పొరల రక్తనాళాలలో పేరుకున్న పదార్థాన్ని వేరుచేసి, దాని నిర్మాణాన్ని గుర్తించారు. అయొడిన్‌తో రంగు మారడం చూసి పిండిపదార్థమన్న భ్రమతో 1854లో రుడాల్ఫ్ విర్షో ఇటువంటి పేరుకున్న పదార్థాలకు పిండివంటిది అనే అర్థంలో అమిలాయిడ్ అని పేరు పెట్టినందువల్ల, అసలు ప్రోటీన్ అయిన ఈ పదార్థానికి బీటా అమిలాయిడ్ అనే పేరే నిలిచింది. మరుసటి ఏడాది ఫలకాలలో ఉన్నది కూడా ఇదేనని వేరొక బృందం చూపింది. ఈ ప్రోటీన్‌కు మూలం రక్తంలో ఉండవచ్చుననీ, అదే నిజమైతే వ్యాధికి ఒక నిర్ధారణ పరీక్ష దొరకవచ్చుననీ గ్లెనర్, వాంగ్ తమ వ్యాసంలోనే సూచించారు. రక్తపరీక్ష అన్న ఆశ బీటా అమిలాయిడ్‌తో కవలగా పుట్టిందన్నమాట. అయితే ఆ ఆశ నెరవేరడానికి అది మొదట వెన్నెముక దారి పట్టవలసి వచ్చింది.

మెదడును, వెన్నుపామును చుట్టి ఉండే నిర్మలమైన ద్రవాన్ని, అంటే సామాన్యుల మాటలో వెన్నులో నీటిని, నడుము దగ్గర సూదితో తీసే పద్ధతిని 1891లోనే జర్మన్ వైద్యుడు హైన్రిక్ క్వింకె ప్రవేశపెట్టాడు. మెదడు కణాలు విడిచే పదార్థాలు నేరుగా అందులో కలుస్తాయి కనుక పరిశోధకులు ముందుగా దానినే ఆశ్రయించారు. నాడీకణాల లోపలి చిక్కులు టౌ అనే ప్రోటీన్‌తో ఏర్పడ్డాయనీ, ఆ టౌకు ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఫాస్ఫేట్ అణుసమూహాలు అతుక్కొని ఉన్నాయనీ 1986 నాటికి తెలిసింది. బీటా అమిలాయిడ్ రోగుల శరీరంలోనే కాక అందరి శరీరంలోనూ సహజంగా తయారై ద్రవాలలో తిరుగుతూ ఉంటుందని 1992లో రుజువైంది. ఈ రెంటినీ కొలిచే పరీక్షలు 1990 దశకంలో వచ్చాక, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో కాయ్ బ్లెన్నో బృందం, అమెరికాలో మరికొందరు గమనించిన చిత్రం మొదట వింతగా తోచింది. రోగుల వెన్నునీటిలో టౌ పెరిగింది కాని, ఫలకాలలో విరివిగా ఉండే 42 అమైనో ఆమ్లాల బీటా అమిలాయిడ్ మాత్రం తగ్గింది. కాలువలో పూడిక పెరిగిన కొద్దీ కిందికి పారే నీరు తగ్గినట్లు, మెదడులో ఫలకాలుగా అతుక్కుపోయిన మేరకు అది ద్రవంలోకి రాకుండా పోతుందన్న వివరణ తరువాత స్థిరపడింది.

మెదడులోని ఫలకాలను కంటితో చూడగలిగే దారి వెన్నునీటి పరీక్షల వెంబడే తెరచుకొంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ అనే పరిశోధకులు, ప్రయోగశాలలో అమిలాయిడ్‌కు పట్టించే ఒక రంగు నుంచి, మెదడులోకి వెళ్లి ఫలకాలకు అతుక్కొని స్వల్పంగా రేడియోధార్మికత వెదజల్లే పదార్థాన్ని తయారుచేశారు; పెట్ స్కాన్ అనే యంత్రం ఆ వెదజల్లుడును పట్టుకొని చిత్రంగా మారుస్తుంది. స్వీడన్‌లోని ఉప్సాలాలో తీసిన మొదటి చిత్రాల ఫలితాలు 2004లో వెలువడ్డాయి. ఆ పదార్థపు రేడియోధార్మికత ఇరవై నిమిషాలకే సగమయ్యేది కనుక రేడియోధార్మిక పరమాణువులను తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం సొంతంగా ఉన్న పెద్ద కేంద్రాలకే అది పరిమితమైంది. ఇంకొంత సేపు నిలిచే ఫ్లోర్‌బెటాపిర్ అనే పదార్థాన్ని 2012లో అమెరికా అనుమతించింది. ఆ అనుమతికి ముందు, మరణానికి చేరువలో ఉన్న 35 మంది రోగులకు స్కాన్ తీసి, వారిలో మరణించినవారి మెదళ్లను శవపరీక్షలో చూసి, రెండూ ఏకీభవిస్తున్నాయో లేదో సరిపోల్చారు. పాత గీటురాయి మీద కొత్తదానిని ఒరసిన ఈ ఘట్టంతో పెట్ స్కాన్ తానే ఒక గీటురాయి అయింది. అది బయటపెట్టిన మొదటి చేదు నిజాలలో ఒకటి, అల్జీమర్స్ రోగులన్న నమ్మకంతో బాపినియుజుమాబ్ అనే మందు ప్రయోగాలలో చేర్చుకున్నవారిలో, వ్యాధి ముప్పును పెంచే ఏపీఓఈ-4 జన్యువు లేనివారిని స్కాన్ చేస్తే మూడోవంతుకు మించి మెదళ్లలో అసలు అమిలాయిడ్ లేదన్నది. ఎంత నిపుణుడైన వైద్యుడైనా కేవలం లక్షణాలను చూసి ఎంతగా పొరబడగలడో దీనితో తేటతెల్లమైంది.

వెన్నులో సూది అంటే రోగులు జంకుతారు, పెట్ స్కాన్‌కు వేల డాలర్లు ఖర్చవుతుంది. కనుక రక్తం మీద ఆశ ఎన్నడూ చావలేదు గాని, తొలి ప్రయత్నాలు పదేపదే నిరాశపరచాయి. 2007లో రక్తంలోని 18 ప్రోటీన్ల సమూహం సుమారు 90 శాతం కచ్చితత్వంతో వ్యాధిని చెబుతుందని, 2014లో పది కొవ్వు పదార్థాలు అంతే కచ్చితంగా రాబోయే మతిమరుపును ముందే చెబుతాయని ప్రకటనలు వెలువడినా, ఇతర బృందాలు మళ్లీ పరీక్షిస్తే ఆ కచ్చితత్వం నిలవలేదు. బీటా అమిలాయిడ్‌నే నేరుగా రక్తంలో కొలిచినవారి ఫలితాలు సైతం ఒకదానితో ఒకటి పొసగలేదు. ఇందుకు కారణాలు మూడు. మొదటిది, మెదడుకు, రక్తానికి మధ్య ఉండే రక్షణ పొరను దాటి వచ్చేది స్వల్పం, వచ్చినదేమో లీటర్లకొద్దీ రక్తంలో కలిసి పలుచబడిపోతుంది. రెండవది, రక్తంలోని బీటా అమిలాయిడ్ అంతా మెదడు నుంచి వచ్చినది కాదు, రక్తఫలకికల వంటి కణాలు కూడా దానిని విడుస్తాయి. మూడవది, 42 అమైనో ఆమ్లాల రూపానికి, 40 ఆమ్లాల రూపానికి మధ్య నిష్పత్తి వెన్నునీటిలో దాదాపు సగానికి పడిపోతే, రక్తంలో తగ్గేది 8 నుంచి 15 శాతం మాత్రమే. ఆ మాత్రం తేడాను ప్రయోగశాలలో జరిగే చిన్నపాటి పొరపాటే మింగివేయగలదు.

కాబట్టి రక్తపరీక్ష ఆలస్యానికి మూలకారణం వ్యాధి గురించిన అజ్ఞానం కన్నా కొలతబద్ద ముతకతనమే అనవచ్చు. ఆ ముతకతనాన్ని రెండు మార్గాలు తొలగించాయి. ఒకటి, టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ వాల్ట్ బృందం 2010లో ప్రకటించిన పద్ధతి. వెతుకుతున్న ప్రోటీన్‌ను అతి చిన్న అయస్కాంత పూసలకు అతికించి, ఒక్కో గుంటలో ఒక్కో పూస మాత్రమే పట్టేటట్లు వేల గుంటలున్న పలక మీద పరచి, వెలుగు కనిపించిన గుంటలను లెక్కపెట్టడమే దాని కీలకం. ద్రవమంతా ఎంత రంగు మారిందో చూసే పాత పద్ధతి బియ్యపు రాశిని అంచనా కట్టడమైతే, ఇది గింజ గింజనూ లెక్కించడం. రెండవ మార్గం మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే అణువులను విద్యుదావేశంతో పరుగెత్తించి వాటి బరువును బట్టి గుర్తించడం. ఈ పద్ధతితో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రాండల్ బేట్‌మన్ బృందం 2017లో 41 మంది రక్తంలో అమిలాయిడ్ నిష్పత్తిని కొలిచి, మెదడులో ఫలకాలు ఉన్నవారిని లేనివారి నుంచి విడదీయగలిగింది. పెద్ద ప్రోటీన్ అణువులను చెక్కుచెదరకుండా తూచే ఉపాయానికి 2002లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న జపాన్ ఇంజనీరు కోయిచి తనాకా కూడా ఇదే అన్వేషణలో పాలుపంచుకొని, 2018లో జపాన్‌కు చెందిన 121 మంది, ఆస్ట్రేలియాకు చెందిన 252 మంది మీద జరిగిన పరిశీలనలో సుమారు 90 శాతం కచ్చితత్వం సాధించిన బృందంలో భాగమయ్యాడు. ఈ పరిశోధనలన్నింటిలో ఒరసి చూడడానికి వాడిన రాయి ప్రధానంగా పెట్ స్కానే.

అమిలాయిడ్ తలుపు తెరిచినా, గడప దాటించినది టౌ. టౌ గొలుసులో 217వ స్థానంలోని అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ అతుక్కున్న రూపాన్ని పీ-టౌ217 అంటారు. మెదడులో అమిలాయిడ్ పేరుకోవడం మొదలైనప్పుడు నాడీకణాలు దీనిని ఎక్కువగా విడుస్తాయి. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో, అంటే రక్తకణాలను తీసివేయగా మిగిలిన ద్రవంలో, దీని పరిమాణం ఒక పికోగ్రాముకు, అనగా గ్రాములో లక్ష కోట్ల వంతుకు, అటూ ఇటూగా ఉండేంత స్వల్పమైనా, వ్యాధి ఉన్నప్పుడు పెరిగే పాలు మాత్రం రెట్లలో ఉంటుంది. 2020 జులైలో స్వీడన్‌లోని లుండ్‌కు చెందిన ఓస్కార్ హాన్సన్, సెబాస్టియన్ పాల్మ్‌క్విస్ట్ బృందం మూడు భిన్నమైన సమూహాలలోని 1,402 మంది ఫలితాలను ప్రచురించింది. వారిలో ఒక సమూహం బతికుండగా రక్తమిచ్చి, మరణించిన తరువాత మెదడును పరిశోధనకు అప్పగించిన అరిజోనా వాసులది. మధ్యలోని గీటురాళ్లను దాటుకొని రక్తం నేరుగా మొట్టమొదటి గీటురాయిని తాకిన సందర్భమిది. మరొక సమూహం కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో, వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం వల్ల నలభైల వయసులోనే ఈ వ్యాధి పాలయ్యే కుటుంబాలది. వారిలో పీ-టౌ217 మతిమరుపు మొదలవడానికి దాదాపు 20 ఏళ్ల ముందే పెరగడం కనిపించింది.

శాస్త్రం సిద్ధమైన సమయానికే అవసరం కూడా ముంచుకొచ్చింది. 2023లో లెకానెమాబ్, 2024లో డొనానెమాబ్ అనే మందులు అమెరికాలో పూర్తి అనుమతి పొందాయి. ఇవి వ్యాధిని నయం చేయవు గాని, తొలిదశలో ఇస్తే దాని నడకను కొంత నెమ్మదింపజేస్తాయి, మెదడులో వాపు, రక్తస్రావం వంటి ప్రమాదాలు కూడా వాటి వెంట ఉంటాయి. అమిలాయిడ్‌ను తొలగించే మందును అమిలాయిడ్ లేనివారికి ఇవ్వకూడదు కనుక, ఎవరిలో అది ఉందో చవకగా తేల్చే పరీక్ష కావలసి వచ్చింది. 2024లో స్వీడన్‌లో 1,213 మంది మీద జరిగిన అధ్యయనంలో, ప్రాథమిక వైద్యులు లక్షణాలను బట్టి చేసిన నిర్ధారణ 61 శాతం, మతిమరుపు నిపుణులది 73 శాతం సరైనది కాగా, రక్తపరీక్ష సుమారు 91 శాతం సరిగ్గా చెప్పింది. 2025 మే 16న అమెరికా నియంత్రణ సంస్థ అనుమతించిన ఫుజిరెబియో కంపెనీ పరీక్ష, ప్లాస్మాలోని పీ-టౌ217కు, 42 అమైనో ఆమ్లాల అమిలాయిడ్‌కు ఉన్న నిష్పత్తిని కొలుస్తుంది. అనుమతికి ఆధారమైన 499 నమూనాలలో, వ్యాధి గుర్తులు ఉన్నాయని పరీక్ష చెప్పినవారిలో 91.7 శాతం మందికి పెట్ స్కాన్ లేదా వెన్నునీటి పరీక్ష అదే మాట చెప్పింది, లేవని చెప్పినవారిలో 97.3 శాతం మందికి అవి దానినే సమర్థించాయి. ఇరవై శాతానికి లోపు నమూనాలలో ఎటూ తేలలేదు.

ఈ అంకెలు ఎవరి మీద వచ్చినవన్నది వాటి విలువను నిర్ణయిస్తుంది. వ్యాధి ఉన్నవారిలో నూటికి 90 మందిని పట్టుకొని, లేనివారిలో నూటికి 90 మందిని సరిగ్గా వదలివేసే పరీక్షను, సగంమందికి వ్యాధి ఉండే మతిమరుపు క్లినిక్‌లో వాడితే, ఉందని చెప్పిన ప్రతి పదింటిలో తొమ్మిది నిజమవుతాయి. అదే పరీక్షను పదిమందిలో ఒక్కరికే వ్యాధి ఉండే ఊరి జనం మీద వాడితే, ఉందని చెప్పినవాటిలో సగం అబద్ధమవుతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారి రక్తంలో పీ-టౌ పేరుకుపోయి అకారణంగా ఎక్కువగా కనిపిస్తుంది, స్థూలకాయుల రక్తంలో తక్కువగా కనిపిస్తుంది. ప్రమాణాలను నిర్ణయించిన అధ్యయనాలలో పాల్గొన్నవారు అత్యధికులు యూరోపియన్ సంతతివారే. కాబట్టి 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, చిత్తవైకల్యంతో (డిమెన్షియాతో) ఉన్నారని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా కట్టిన భారతదేశంలో, మధుమేహం, దాని వెంట మూత్రపిండాల జబ్బు విస్తారంగా ఉన్నచోట, ఆ ప్రమాణాలను ఇక్కడి రక్తం మీద మళ్లీ ఒరసి చూడకుండా అలాగే అరువు తెచ్చుకోవడం సరికాదు.

ఇంతకన్నా లోతైన చిక్కు న్యూకాజిల్ పరిశోధకులు 1968లో చూసినదే. గీటురాయి మీద ఫలకాలు కనిపించినా మనిషిలో మతిమరుపు కనిపించని సందర్భాలు ఉన్నప్పుడు, వ్యాధి అనే మాట దేనికి వర్తించాలి? 2024లో అమెరికా అల్జీమర్స్ అసోసియేషన్ సవరించిన ప్రమాణాలు, లక్షణాలు లేకపోయినా మెదడులో గుర్తులుంటే అది వ్యాధేనన్నాయి. అదే ఏడాది మరొక అంతర్జాతీయ నిపుణుల బృందం, లక్షణాలు లేనివారిని రోగులు అనకూడదనీ, ముప్పు ఉన్నవారు అనాలనీ వాదించింది. ఈ వాదానికి హైదరాబాదు నుంచి కూడా ఒక సాక్ష్యం ఉంది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ మతిమరుపు క్లినిక్‌కు వచ్చిన 648 మంది రోగులను పరిశీలించి సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం, తెలుగు, ఉర్దూ, హిందీ వంటి భాషలలో రెండింటిని వాడేవారిలో చిత్తవైకల్యం ఒకే భాష మాట్లాడేవారికన్నా సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడిందనీ, చదువు రానివారిలో కూడా ఈ తేడా ఉందనీ చూపింది. మెదడులో పేరుకున్నది ఎంత అన్నదానితోపాటు, ఆ మెదడు జీవితమంతా ఎలా పనిచేసింది అన్నది కూడా మతిమరుపు ఎప్పుడు బయటపడుతుందో నిర్ణయిస్తుంది. రక్తం మొదటిదానిని చెప్పగలదు, రెండవదానిని చెప్పలేదు.

అందువల్లనే 2025 నాటి అనుమతి, 55 ఏళ్లు దాటి, మతిమరుపు లక్షణాలు కనిపిస్తున్నవారికి, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే ఈ పరీక్ష చేయాలనీ, దాని ఫలితాన్ని రోగి నుంచి సేకరించిన ఇతర వివరాలతో కలిపి చూడాలనీ నిర్దేశించింది. రక్తపు చుక్కను పెట్ స్కాన్ మీద, స్కాన్‌ను శవపరీక్ష మీద ఒరసుకుంటూ వెనక్కి నడిస్తే, వరుస చివరికి ఫ్రాంక్‌ఫర్ట్ స్త్రీ మెదడు నుంచి కోసిన పొరలున్న గాజుపలకల దగ్గర ఆగుతుంది. ఆ పలకలకన్నా ముందు మాత్రం మరొకటి ఉంది. దశాబ్దాల పాటు కనిపించకుండా పోయి, 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే తిరిగి దొరికిన ఆమె చికిత్స దస్త్రం. అందులో మొదట రాసి ఉన్నవి వైద్యుడు అడిగిన ప్రశ్నలు, ఆమె చెప్పిన జవాబులు. నూట పాతికేళ్ల తరువాత కూడా ఎవరి రక్తం తీయాలో నిర్ణయించేది అటువంటి ప్రశ్నలూ జవాబులే.